యాబేష్గిలాదువారి పని

(అనంతగిరిపై వికారాబాదు, తాండూరు ప్రాంతముల సంఘస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతాబ్ది సంవత్సరములో ఈ కొండమీద కూడుకొన్న మనకు ఈ పూట ఇచ్చిన అంశము సైనికుల సేవ, దానికి మనము చూపవలసిన కృతజ్ఞత. అంశము చేతికి వచ్చిన తరువాత మా ఇండ్లలోను, ఇరుగుపొరుగున ఉన్న మాజీ సైనికుల దగ్గర మేము కూర్చుంటిమి. వారిలో ఎక్కువమంది తమ్మును గూర్చి ఏమియు చెప్పలేదు. తమతో బండి ఎక్కి తిరిగి రానివారిని గూర్చియే చెప్పిరి. ఎక్కడ పడిపోయినారో, ఎవరు మోసినారో, ఇంటికి కబురు ఎన్నాళ్లకు చేరినదో, ఇవే వారి మాటలు. గనుక మేమును ఆ దారినే పోవుదుము. జెండా పండుగనాడు జవానులకు జై అనుట మనకందరికి వచ్చును. జవాను పడిపోయిన మరునాటినుండి అతని పేరును మోయువారు కొందరున్నారు. వారినిగూర్చి ఎవరును మాటలాడరు.

మొదటి సమూయేలు గ్రంథములోని కడపటి అధ్యాయము మీరెరిగినదే. గిల్బోవ పర్వతముమీద సౌలు రాజును అతని కుమారులును పడిపోయిరి. ఫిలిష్తీయులు వారి శరీరములను బేత్షాను పట్టణపు గోడకు తగిలించిరి. సైన్యము చెదరిపోయెను, ఊరులు ఖాళీ ఆయెను, ఎవని ప్రాణము వానికి భారమైన సమయము. అప్పుడు యొర్దాను అవతలి యాబేష్గిలాదు అను ఊరివారు లేచి, రాత్రి అంతయు నడిచి, శత్రువుల గోడమీదనుండి ఆ శరీరములను దించి, తమ ఊరికి తెచ్చి, చెట్టు క్రింద ఎముకలను పాతిపెట్టి ఏడు దినములు ఉపవాసముండిరి. ఇశ్రాయేలులో ఇన్ని ఊరులుండగా ఈ ఊరివారే ఎందుకు పోయిరి? ఎన్నో ఏండ్ల క్రిందట అమ్మోనీయుడైన నాహాషు ఆ ఊరిని ముట్టడించి, ప్రతివాని కుడికన్ను తీసివేతునని బెదిరించినప్పుడు, సైన్యమును కూర్చుకొని వచ్చి వారిని విడిపించినవాడు ఈ సౌలే. తరువాతి దినములలో సౌలు నడత ఎట్లున్నను ఆ ఊరు ఆ మేలును లెక్కలోనుండి తీసివేయలేదు.

ఇంతవరకే అయితే ఇది సైనికునికి చూపిన కృతజ్ఞత. దావీదు మరియొక అడుగు ముందుకు వేసెను. తన్ను అడవులవెంట తరిమిన సౌలును పాతిపెట్టినది వీరేయని తెలిసినప్పుడు, వారియొద్దకు దూతలను పంపి దీవెన చెప్పించెను. మృతులను గౌరవించినవారిని గౌరవించెను. ఈ రెండవ కృతజ్ఞత లోకములో బహు అరుదు. మన దేశములోని యాబేష్గిలాదువారు ఎవరో వెదకి చూతమని మా ప్రయత్నము.

మన నేలకు ఈ పని క్రొత్త కాదు. పాత ఊళ్ల పొలిమేరలలో, చెరువుకట్టల దగ్గర వీరగల్లులు మీరు చూచియుందురు. చేత కత్తి, పైన సూర్యచంద్రులు. సూర్యచంద్రులున్నంతకాలము ఈ పేరు ఉండవలెనని ఆ గుర్తు. వీరిలో రాజులు తక్కువ. పశువులను తోలుకొనిపోవు దొంగలను ఎదిరించి పడినవాడు, ఊరికొరకు కొట్లాడినవాడు, అట్టివారే ఎక్కువ. పల్నాటిలో కారెంపూడి వద్ద, 12వ శతాబ్దములో అన్నదమ్ముల పగచేత జరిగిన యుద్ధములో పడినవారికొరకు నేటికిని కార్తీక అమావాస్యనాడు మొదలుపెట్టి ఐదు దినములు వీరారాధన చేయుదురు. వారి ఆరాధన మన ఆరాధన కాదు. కాని ఎనిమిది వందల ఏండ్లకు పైగా ఒక జాబితాను నోటితోను ఆయుధములతోను కాపాడుకొని వచ్చిన ఊరును చూచి టోపీ తీయక తప్పదు.

ఇక సిపాయి అను మాటకు వత్తము. ఉత్తర హిందూస్థానములో ఒక కాలమున సిపాయిని ‘తిలంగా’ అని పిలిచెడివారు. తూర్పు ఇండియా కంపెనీ మొదట తెలుగు, తమిళ సీమలలో సిపాయిలను చేర్చుకొని, వారిని బెంగాలుకు తీసికొనిపోయినందున తెలుగువాని పేరే సిపాయికి పేరాయెను. 1857లో ఢిల్లీ జనులు తిరుగబడిన సిపాయిలను తిలంగాలనిరి. వారిలో తెలుగువారు లేకపోయినను పేరు మాత్రము నిలిచినది. తరువాత ఆంగ్లేయులు కొన్ని జాతులే యుద్ధమునకు తగినవనియు, దక్షిణాదివారు తగరనియు ఒక సిద్ధాంతము కల్పించి, మద్రాసు పటాలములను ఒక్కొక్కటిగా రద్దు చేసిరి. రెండవ ప్రపంచ యుద్ధము మీదికి వచ్చినప్పుడు ఆ సిద్ధాంతము ఎటుపోయెనో, మద్రాసు రెజిమెంటును మరల నిలబెట్టిరి.

మన సంఘముల చరిత్రకును దండుకును సంబంధమున్నది. సికింద్రాబాదును మన పెద్దలు ‘లష్కరు’ అనెడివారు. లష్కరు అనగా సైన్యమే. బొల్లారము, తిరుమలగిరి గుడులు దండువారికొరకు కట్టినవి. మద్రాసునుండి పటాలముతోపాటు వచ్చిన క్రైస్తవ సిపాయిలు, వారి కుటుంబములు ఆ గుడులలోను గుడారములలోను కూడిరి. 1895లో సికింద్రాబాదునకు వచ్చిన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు మొదట పని చేసినది తిరుమలగిరిలోని ఆంగ్ల సైనికుల మధ్యనే. ఆ పని ఆయనకు చాలలేదు. గ్రామములకు బయలుదేరి 1896లో మెదకు చేరిరి. మొదటి ప్రపంచ యుద్ధమును కరువును కలిసివచ్చిన దినములలో ఆకలితో ఉన్నవారికి పనియు కూడును ఇచ్చుచు అక్కడ లేచిన మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. ఆ రాళ్లు మోసినవారి పేర్లు ఆ గోడలమీద లేవు. యుద్ధమునకు పోయినవారి సంగతియు అట్టిదే. రాయి మోసినవాడును తుపాకి మోసినవాడును మన ఊళ్లలో ఒకే వాడనుండి వెళ్లినవారే.

దండుకు తుపాకివారు మాత్రము చాలరు. నీళ్లు మోయు భిష్తీ, కంచరగాడిదలను తోలువాడు, వంటవాడు, పాకీపని చేయువాడు, గాయపడినవారిని డోలీలో మోయువాడు, వీరందరును కావలెను. వీరిని ‘ఫాలోయర్లు’ అని వేరే పుస్తకములో వ్రాసెడివారు. మన సంఘములలోని అనేక కుటుంబముల మూలపురుషులు ఈ పనులవారే. మొదటి యుద్ధము ముగిసిన తరువాత సిపాయికి వెండి పతకము ఇచ్చిరి. కూలి దళములలో చాలామందికి అదే అచ్చులో కంచు పతకము ఇచ్చిరి. ఒకే ఎండ, ఒకే జ్వరము, ఒకే చావు. లోహము మాత్రము వేరు.

ఆ యుద్ధమునకు మన దేశమునుండి పదమూడు లక్షలకు పైగా పోయిరి. సుమారు 74,000 మంది తిరిగి రాలేదు. పడినవారిని గౌరవించుటకు 1917లో ఒక సంస్థ ఏర్పడెను. నేడు దానిని కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ అందురు. జనరలుకును జవానుకును ఒకటే కొలత రాయి, జాతి, మతము, హోదా భేదము ఉండరాదు అని వారు పెట్టుకొన్న నియమము. చాల గొప్ప నియమము. ఫ్రాన్సులో న్యూవ్ షాపెల్ వద్ద 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు ఆ నియమము ప్రకారమే చెక్కిరి. నేటికిని అక్కడ గడ్డి కోయుచు, రాళ్లు కడుగుచు, చెరిగిన అక్షరములను మరల చెక్కుచు పనివారున్నారు. ఆ పేర్లను సరిగా పలుకను కూడ వారికి రాదు. వారు యాబేష్గిలాదువారు కారని ఎవరనగలరు?

అయితే అదే కమిషనువారు ఇరాకులోని బస్రా స్మారకముమీద ఆంగ్ల సైనికుల పేర్లు, భారతీయ అధికారుల పేర్లు చెక్కి, మామూలు భారతీయ సిపాయిలను ఎంతమందియని అంకెగా మాత్రము చెక్కిరి. ఈ సంగతి బహుకాలము ఎవరును కదపలేదు. 2021 ఏప్రిలులో కమిషనువారే విచారణ చేయించి నివేదిక వెల్లడించిరి. భారతీయులు, ఆఫ్రికనులు మొదలైనవారిలో 45,000 నుండి 54,000 మందిని అసమానముగా స్మరించితిమనియు, కనీసము 1,16,000 మంది పేర్లు ఎక్కడను చెక్కబడలేదనియు, వీరిలో ఎక్కువమంది తూర్పు ఆఫ్రికావారు, ఈజిప్టువారు అనియు ఒప్పుకొని క్షమాపణ చెప్పిరి. నూరేండ్లు గడచిన తరువాతనైనను లెక్క సరిచూచుకొనుట మేలే. కాని ఆ నూరేండ్లలో ఎందరు తల్లులు, ఎందరు భార్యలు ఆ పేరు చూడకయే వెళ్లిపోయినారో.

మన హైదరాబాదు సంస్థానపు దళములను గూర్చి ఒక మాట. ఢిల్లీలో ‘తీన్ మూర్తి’ అను చోట మూడు కంచు విగ్రహములున్నవి. హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూరు సంస్థానముల అశ్వదళములకు గుర్తుగా నిలిపినవి. ఈ మూడు దళములును ఒకే బ్రిగేడుగా పాలస్తీనా దేశములో యుద్ధము చేసినవి. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణమును పట్టుకొన్నది ఆ బ్రిగేడే. మనము బైబిలు పటములలో వేలు పెట్టి చూచు కర్మెలు కొండ పాదముననే ఆ పోరాటము. 2018లో ఆ కూడలికి తీన్ మూర్తి హైఫా చౌక్ అని పేరు మార్చిరి. మరల 1941 డిసెంబరులో జపానువారు పెర్ల్ హార్బరుమీద పడుటకు గంటకు పైగా ముందే మలయాలోని కోటభారు ఒడ్డున దిగినప్పుడు, అక్కడి విమానాశ్రయమునకు కాపలాగా ఉన్నది హైదరాబాదు సంస్థానపు పదాతిదళము. మలయా, సింగపూరులలో పడి, సమాధి తెలియని కామన్వెల్త్ సైనికులు 24,000 మందికి పైగా పేర్లు సింగపూరులోని క్రాంజీ స్మారకముమీద నేడును చదువవచ్చును.

ఇక్కడ ఒక కష్టమైన సంగతి వచ్చును. దానిని దాటి పోవుట మాకిష్టము లేదు. 1948 సెప్టెంబరు 13 నుండి భారత సైన్యము మన సంస్థానములో ప్రవేశించెను. ఐదు దినములలో అంతయు ముగిసి, 18వ తేదీన సంస్థానపు సేనాధిపతి ఎల్ ఎద్రూస్, జనరలు చౌధురికి లొంగిపోయెను. నిజాము పాలన ముగిసినందుకు సంతోషించినవారు ఈ ప్రాంతములో వేలాదిమంది, అది న్యాయమైన సంతోషమే. రజాకారుల చేతలను ఎవరును సమర్థింపలేరు. కాని ఆ ఐదు దినములలో జీతమునకు పనిచేయు మామూలు సిపాయి కూడ పడెను. అతనికి ఏ పక్షపు రాయియు లేదు. గెలిచిన జెండా క్రింద పడినవానికే పేరుండవలెనా? దావీదు శూరుల జాబితా రెండవ సమూయేలు ఇరువది మూడవ అధ్యాయములో చదువుడి. ముప్పది ఏడుగురు. అందులో చిట్టచివరి పేరు హిత్తీయుడైన ఊరియా. ఆ పేరు ఆ జాబితాలో ఉండుట దావీదుకు గౌరవము తెచ్చునది కాదు. అయినను వ్రాసినవాడు తీసివేయలేదు. జాబితా వ్రాయువానికి ఉండవలసిన ధైర్యము అది.

ఇప్పుడు ఒక ఊరిని గూర్చి చెప్పుదుము. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము దగ్గర మాధవరము. అందరును ‘మిలిటరీ మాధవరము’ అందురు. మొదటి ప్రపంచ యుద్ధమునకు తొంబది మంది, రెండవదానికి వెయ్యిన్ని నూటపదిమంది తమ ఊరినుండి పోయినారని ఆ ఊరివారు చెప్పుకొందురు. నేటికిని ఇంటింటికి ఒకరు సైన్యములో పనిచేసినవారో, చేయుచున్నవారో కనబడుదురు. సుబేదారు, మేజరు, కెప్టెను అని పిల్లలను పిలుచుకొను ఇండ్లున్నవట! నవ్వు వచ్చును గాని, ఆ ఊళ్లో పడినవారికి స్మారకము నిలిపిరి. మాకు ఎక్కువ నచ్చిన సంగతి ఆ లెక్కయే. తొంబది అని, వెయ్యిన్ని నూటపది అని లెక్క చెప్పగలిగినారంటే ఎవరో ఒకరు ఆ పేర్లను వ్రాసి ఉంచినారనుట. మన తాలూకాలలో ఏ ఊరినుండి ఎందరు పోయిరని అడిగిన, చాలమంది అని మాత్రమే జవాబు వచ్చును.

పూర్వము కబురు ఎట్లు చేరెడిదో యౌవనస్థులకు తెలియదు. 1962, 1965, 1971 యుద్ధములలో పడినవారిలో ఎక్కువమందికి అంత్యక్రియలు సరిహద్దులలోనే జరిగెను. ఇంటికి తంతి వచ్చెడిది. కొన్ని వారములకు ఒక ట్రంకు పెట్టె, అందులో బట్టలు, దుప్పటి, ఒక గడియారము. శరీరము చూడలేదు గనుక, తంతి తప్పేమో, పేరు మారిపోయినదేమో అని తల్లి ఏండ్లకొలది వాకిట కూర్చుండెడిది. 1999 కార్గిలు యుద్ధమునాటినుండి శరీరములను విమానములమీద స్వగ్రామములకు పంపుట ఆరంభమాయెను. ఊరంతయు కూడి వీడ్కోలు చెప్పుట అప్పటినుండి వచ్చినదే. దుఃఖము తగ్గలేదు, కాని ఎదురుచూపు తగ్గినది.

లడాఖులో రెజాంగ్ లా అను కనుమ వద్ద 1962 నవంబరు 18న మేజరు షైతాన్ సింగు క్రింద కుమావ్ రెజిమెంటు పదమూడవ బెటాలియను వారి ఒక దళము, సుమారు నూట ఇరువదిమంది, చైనా సేనను ఎదిరించి కడపటివరకు నిలిచిరి. అందులో నూటికి పైగా అక్కడనే పడిరి. ఈ కుమావ్ రెజిమెంటుకు 1945 వరకు ఉన్న పేరు హైదరాబాదు రెజిమెంటు. నిజాము కంటింజెంటునుండి వచ్చిన వంశము అది. మనవారు అందులో తక్కువే, పేరు మాత్రము మనది. వారు ఎట్లు పడిరో లోకమునకు మూడు నెలలు తెలియదు. 1963 ఫిబ్రవరిలో మంచు కరుగునప్పుడు ఒక గొఱ్ఱెల కాపరి ఆ కనుమకు పోయి, చేతిలో తుపాకితోనే గడ్డకట్టియున్నవారిని చూచి కబురు తెచ్చెను. ఆ కాపరి ఆ దారిని పోయియుండనియెడల ఆ కథ మనకు చేరుటకు ఇంకెన్నాళ్లు పట్టియుండునో.

మన దగ్గరివారిని చూతము. హైదరాబాదులో పెరిగిన మేజరు పద్మపాణి ఆచార్య, రాజపుతానా రైఫిల్సులో రెండవ బెటాలియను, కార్గిలులో 1999 జూన్ 28న పడిరి. మహావీర చక్రము ఆయనకు మరణానంతరము ఇచ్చిరి. చనిపోవుటకు కొద్ది దినముల ముందు తండ్రికి వ్రాసిన ఉత్తరములో, గర్భవతియైన తన భార్యకు దినమునకొక మహాభారత కథ చెప్పుడని అడిగిరి. పుట్టబోవు బిడ్డకు మంచి గుణములు అబ్బవలెనని ఆయన ఆశ. యుద్ధభూమిలో కూర్చుండి బిడ్డ నడతను గూర్చి తలచిన ఆ ఉత్తరమును దాచి, వచ్చినవారికెల్ల చూపినది ఆ కుటుంబము. ఉత్తరము వ్రాసినది సైనికుడు. దానిని మనవరకు తెచ్చినవారు ఇంటివారు.

ఈ అనంతగిరి కొండలలోనే మూసీ పుట్టుచున్నది గదా. హైదరాబాదు దాటి, సూర్యాపేట దాపున ఆనకట్టలో నిలిచి, వాడపల్లి వద్ద కృష్ణలో కలియుచున్నది. ఆ సూర్యాపేటవాడే కర్నలు సంతోష్ బాబు. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, బీహారు రెజిమెంటు పదునారవ బెటాలియనుకు అధిపతియై, 2020 జూన్ 15న గల్వాను లోయలో చైనావారితో జరిగిన ఘర్షణలో పడిరి. ఆ రాత్రి మనవారు ఇరువదిమంది పడిరి. తుపాకులు పేలలేదు. రాళ్లు, కఱ్ఱలు, మేకులు కొట్టిన గదలు, గడ్డకట్టించు ఏటినీళ్లు, అంతే. ఆయనకు ఇచ్చిన మహావీర చక్రమును 2021లో ఢిల్లీలో తల్లియు భార్యయు అందుకొనిరి. సూర్యాపేటలో ఆయన విగ్రహము నిలిచినది. విగ్రహములంటే మాకు మొదటినుండి కొంత అనుమానము. ఆవిష్కరణనాడు దండలు, మరునాటినుండి కాకులు. కాని ఒక బడిపిల్లవాడు ఆ దారిని పోవుచు, ఎవరిదని తండ్రిని అడిగినచో ఆ రాయి తన పని చేసినట్లే.

మరియు 2025 మే 9న జమ్మూకాశ్మీరు నియంత్రణ రేఖ వద్ద పడిన మురళీ నాయక్ అను అగ్నివీరుడు శ్రీ సత్యసాయి జిల్లా, గోరంట్ల మండలము, కల్లితండావాడు. తల్లిదండ్రులకు ఒక్కడే కుమారుడు. మన వికారాబాదు, తాండూరు చుట్టుపట్ల ఎన్ని తండాలున్నవో మీకు తెలియును. ఆ తల్లిని తలచుకొన్నప్పుడు మన పొరుగు తండాలోని తల్లి ముఖము జ్ఞాపకము రాకమానదు. నాయకులందరు వచ్చిరి, జనము వేలాదిగా వచ్చెను. అది సరియే. ఆ రద్దీ తగ్గిన ఆరవ నెలలో ఆ ఇంటికి ఎవరు పోవుచున్నారనునదే మేము అడుగు ప్రశ్న.

ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకమును 2019 ఫిబ్రవరి 25న తెరచిరి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత పడిన సుమారు 26,000 మంది పేర్లను గ్రానైటు పలకలమీద చెక్కిరి. అక్కడ సాయంకాలము ఒక అమరుని కుటుంబమును పిలిచి, వారిచేత పుష్పగుచ్ఛము ఉంచించు ఆచారమున్నది. మాకు అన్నిటికన్న ఇది నచ్చినది. నాయకులు కాక, ఆ ఇంటివారే వచ్చి ఉంచవలెను. సైన్యములో యుద్ధమున భర్తను కోల్పోయినవారిని ‘వీరనారి’ అందురు. మంచి మాటయే. అయితే వీరనారికి పింఛను కాగితముమీద పేరులో ఒక అక్షరము తప్పినచో, ఆ అక్షరము దిద్దించుటకు ఆమె ఎన్ని కచ్చేరీల మెట్లు ఎక్కవలెనో మనకు తెలియును. చదువువచ్చిన ఒక సంఘస్థుడు ఆ కాగితములు పట్టుకొని ఆమె వెంట జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు పోవుట పుష్పగుచ్ఛముకన్న తక్కువ గౌరవము కాదని మా అభిప్రాయము.

సైన్యము మనకు దూరమైనదేమి కాదు. ఇక్కడికి దగ్గరలో పూడూరు మండలము దామగుండము అడవిలో నౌకాదళమువారి రేడియో కేంద్రమునకు 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగెను. సముద్రము క్రింద తిరుగు జలాంతర్గాములకు కబురు పంపుటకు అట్టి కేంద్రము. తమిళనాడులోని తిరునల్వేలి తరువాత దేశములో ఇది రెండవది. అడవిని గూర్చి, మూసీ పుట్టుకను గూర్చి ఆందోళనపడినవారి మాటయు త్రోసివేయదగినది కాదు. సముద్రము చూడని మన కొండలనుండి సముద్రగర్భములోనున్న నావికునికి మాట పోవుననునది మాత్రము ఆశ్చర్యమే. ఇక ఈ దారిలో నావికాదళపు కుటుంబములు మన పొరుగువారగుదురు.

ప్రియులారా, ఇంతవరకు విన్నారు. ఇప్పుడు పని మాట. మేము కొందరము కూడి, మన ప్రాంతపు సంఘములనుండి సైన్యమునకు పోయినవారి పేర్లు, ముఖ్యముగా తిరిగి రానివారివి, ఒక పుస్తకములో వ్రాయ తలపెట్టితిమి. సిపాయి, సుబేదారు, వంటవాడు, డోలీ మోసినవాడు, నర్సమ్మ, ఎవరైనను సరే. క్రైస్తవులే కానక్కరలేదు. మీ వీధిలో ఉన్న సాయెబుగారి తాత, తండాలోని నాయక్ గారి అన్న, ఎవరినైనను చెప్పుడి.

వెదకునప్పుడు కొన్ని సంగతులు జ్ఞాపకముంచుకొనుడి. బాప్తిస్మపు పేరు ఒకటి, దండులో వ్రాయించిన పేరు మరియొకటి కావచ్చును. దొర గుమాస్తా చెవికి వినబడినట్లు వ్రాసినందున, ఎల్లయ్య, యేసయ్య, ఐలయ్య అను మూడు పేర్లు కాగితముమీద ఒకదానికొకటి దగ్గరగా కనబడును. యుద్ధ సమాధుల కమిషనువారి రికార్డులలో చాలామంది భారతీయులకు తండ్రి పేరు, ఊరి పేరు కూడ వ్రాసియుందురు. గనుక సైనికుని పేరు దొరకనియెడల ఊరిపేరుతో వెదకుడి. వాటిని నేడు ఎవరైనను ఫోనులోనే చూడవచ్చును, మన యౌవనస్థులు చూపగలరు. ఇంట్లో మొదటి యుద్ధపు పతకమున్నయెడల అంచును తిప్పి చూడుడి. సిపాయి సంఖ్య, పేరు, పటాలము అంచుమీద చెక్కియుండును. ఆ పతకము వెండిది. కరువులో కంసాలి దగ్గర కరగి కడియమైనవి లేకపోలేదు. కడియమును చూపి తాత కథ చెప్పు అవ్వ ఉన్నయెడల ఆ కథయు వ్రాయుదుము. డిశ్చార్జి పుస్తకము, పాత తంతి, ఫొటో వెనుక వ్రాసిన తేదీ, సంఘపు సమాధుల రిజిస్టరు, అన్నియు పనికి వచ్చును. రుజువు లేని పేరునకు ప్రక్కన చుక్క పెట్టుదుము గాని కొట్టివేయము.

పేర్లు కూడిన తరువాత వాటిని రాతిమీద చెక్కించవలెనని ఆలోచన. రాయికొరకు దూరము పోనక్కరలేదు. తాండూరు నాపబండ మన ఇండ్ల నేలలకు, మన సమాధులకు చాలినప్పుడు దీనికిని చాలును. ఫ్రాన్సులో ఆ తెల్లని రాళ్లు కూడ సున్నపురాతి జాతివే, మన నాపరాయియు అదే జాతి. చెక్కువాడు ఎంత లోతుగా చెక్కవలెనో, ఎండవానలకు ఏ రంగు నిలుచునో తాండూరు గనుల వారితో మాటలాడుచున్నాము. పేర్లన్నియు ఒకే కొలత అక్షరములలో ఉండును. హోదా చెక్కించము. ఈ విషయములో మాలో కొంత వాదము జరిగినది, సుబేదారుగారి మనవలు ఒప్పుకొనుటకు రెండు కూడికలు పట్టినవి.

డిసెంబరు 7వ తేదీ సాయుధ దళముల పతాక దినము. 1949 నుండి జరుగుచున్నది. ఆనాడు పిల్లల చేతికి వచ్చు చిన్న జెండాలకు ఇచ్చు డబ్బు మాజీ సైనికుల, వీరనారుల సంక్షేమమునకు పోవును. ఆ దినమునకు ముందు ఆదివారమున ప్రతి సంఘములో అప్పటివరకు దొరికిన పేర్లను చదివించవలెనని కాపరులను వేడుకొనుచున్నాము. చదువుటకు పది నిమిషములు పట్టును. పేర్లు పెరిగినకొలది పదునైదు పట్టును.

పుస్తకము వెనుక బల్లమీద పెట్టించితిమి. మొదటి పుటలో పదకొండు పేర్లున్నవి, నాలుగింటికి చుక్కలున్నవి. భోజనమునకు పోవునప్పుడు ఆ ప్రక్కగా పొండు. వ్రాయలేని పెద్దలు చెప్పిన చాలును, వ్రాసిపెట్టుటకు ఇద్దరు పిల్లలు అక్కడ కూర్చున్నారు.